నడిమి అర్ర పెరుగు

పెరుగును చూసి భయపడిన మనిషిని మీరు ఎక్కడా చూసి ఉండరు. ఈ డిసెంబరులోనే, మొన్నటి ఆదివారం పొద్దున, చంద్రపూర్ శివార్లలో కొత్తగా లేచిన ఒక కాలనీలో, అద్దంలా మెరిసే భోజనాల బల్ల ముందు, చేతిలో చెంచాతో కొయ్యబారిపోయిన నన్ను చూసి ఉంటే మీకు ఆ కొరత తీరిపోయేది. ఆ కాలనీ పేరు చెప్పను. ఆ పేరులో గార్డెన్, వ్యాలీ, లేక్ అనే మూడు మాటలూ ఉన్నాయనీ, కాలనీలో మాత్రం ఆ మూడింటిలో ఒక్కటీ లేదనీ చెబితే, మా జిల్లాలో ఇల్లు కొన్నవాళ్ళకు గుర్తుపట్టడం ఇంకా కష్టమవుతుంది.

వాళ్ళు నన్ను పిలిపించింది చరిత్ర కోసం. కాలనీ సొసైటీ ఒక సంచిక వేస్తున్నదట, అందులో మరాఠీ వ్యాసాలు కొన్ని, హిందీవి కొన్ని ఉంటాయట, తెలుగువాళ్ళ ఇళ్ళు కూడా చాలానే ఉన్నాయి గనుక ఈ నేల పూర్వం ఎలా ఉండేదో చెబుతూ తెలుగులో ఒకటి కావాలట. ఊళ్ళో తెలుగు రాయడం వచ్చినవాళ్ళ కోసం వెతికి వెతికి, ఇక ఎవరూ దొరక్క నన్ను పట్టుకున్నారు. మా తరవాతి పిల్లలంతా మరాఠీ బడుల్లో చదివి తెలుగును చెవితో తప్ప కంటితో ఎరగరు. మా తరానికి అక్షరాలైతే వచ్చుగాని వాటితో పాటే చత్వారమూ వచ్చింది. అందుచేత తెలుగు సంఘం సంచికల్లో నేను ఏళ్ళ తరబడి రాస్తున్న హాస్య వ్యాసాలను మొదటి నుంచి చివరి దాకా చదివిన పాఠకుడు ఈ భూమండలం మీద నేనొక్కణ్ణే. సొసైటీ సెక్రటరీ కుర్రవాడు, సిమెంటు ఫ్యాక్టరీలో ఇంజనీరు, మంచిర్యాల వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాడు, చరిత్రలో ఏమేం ఉండాలో తానే చెప్పేశాడు. ఇక్కడ పూర్వం దట్టమైన అడవి ఉండేదని రాయాలట, పులులు తిరిగేవని రాయాలట. ఏదైనా బస్తీ కూడా ఉండేదేమో కదా అని నేను అమాయకంగా అడిగితే, ఉండే ఉంటుంది కాకా, కాని బస్తీ ఉండేదంటే ప్లాటు ధర తగ్గుతుంది, పులి ఉండేదంటే పెరుగుతుంది అని నవ్వాడు.

అంతలో అతని భార్య ఉప్మాతో పాటు పెరుగు తెచ్చి పెట్టింది. మా ఊరి చలి మీకు తెలుసు. వేసవిలో దేశంలోకెల్లా ముందు మాడిపోయే ఈ ఊరే, ఆ పాపం కడుక్కోవడానికన్నట్టు, డిసెంబరులో పళ్ళు టకటకలాడిస్తుంది. పాలు తోడేసి, గిన్నెకు దుప్పటి చుట్టి, బియ్యం డబ్బాలో పాతిపెట్టి, నలుగురు దేవుళ్ళకు దండం పెట్టుకున్నా మర్నాడు మూత తీస్తే పాలు పాలలాగానే పలకరిస్తాయి. అటువంటి రోజుల్లో ఆ అమ్మాయి తెచ్చిన పెరుగులో నేను చెంచా గుచ్చితే, అది పరేడులో సిపాయిలా నిలబడింది. గిన్నె వంచాను, పెరుగు కదల్లేదు. ఎలా తోడుకుందమ్మా ఇంత గడ్డగా అని అడిగాను.

“మా ఇంట్ల గదే గమ్మత్తు కాకా. ఎంత థండీ ఉన్నా దహీ మస్తు తోడుకుంటది. గా మూలకు కింద పెడ్త, అంతే. టైల్స్ గూడ మంచియి పడ్డయి, చలికాలంల కాళ్ళకు గరం గరం ఉంటది.”

నేను చెప్పులు గుమ్మం దగ్గర విడిచి వచ్చాను. నా అరికాళ్ళు లోపలికి అడుగు పెట్టిన దగ్గర నుంచీ ఏదో చెబుతూనే ఉన్నాయి, ఉప్మా వాసనలో పడి నేను వినిపించుకోలేదు. ఇప్పుడు విన్నాను. చెంచా కింద పెట్టేశాను.

ఆవగింజను చూపించి గుమ్మడికాయ అని నమ్మించే మనిషినని ఊరంతా నన్ను ఎరుగును. అలవాటు కొద్దీ ఈ వ్యాసంలోనూ గుమ్మడికాయలు దొర్లుతాయి, మన్నించండి. కాని నేల సంగతి వచ్చిన చోటల్లా ఆవగింజను ఆవగింజగానే ఉంచాను.

ఆ కాలనీ ఉన్న చోటనే మా రేతీ లైన్ ఉండేది. దుర్గాపూర్ దాటి పద్మాపూర్ వైపు పోయే దారికి కాస్త ఎడంగా, మా తండ్రుల కాలంలో ఒక భూగర్భ గని నడిచింది. నేల కింద బొగ్గు తీసిన చోట బోలు మిగులుతుంది కదా; ఆ బోలు కూలి పైనున్న నేల కుంగకుండా నది ఇసుక తెప్పించి, నీళ్ళలో కలిపి, గొట్టాల గుండా లోపలికి దింపి నింపేవారు. ఆ ఇసుకను గుట్టలుగా పోసిన మైదానమే రేతీ లైన్. మరాఠీలో రేతీ అంటే ఇసుకే. గని మూతపడ్డాక ఇసుక గుట్టలు తరిగిపోయి, అందులో పనిచేసి దిగిపోయిన తెలుగువాళ్ళు, మరాఠీవాళ్ళు, ఛత్తీస్‌గఢ్ వాళ్ళు అక్కడే గోడలు లేపుకున్నారు. ఎవరికీ పట్టా లేదు. ఉన్నదల్లా గోడలూ, పెంకులూ, పక్కింటివాళ్ళూ.

మా పెదనాన్న ఆ గనిలో ఇసుక నింపే గ్యాంగుకు సర్దారుగా చేశాడు. మనిషి ఆరడుగులు, మీసం ఇంకో ఆరడుగులు. ఆయన మీసం గుమ్మంలోంచి లోపలికి వచ్చాక కాసేపటికి ఆయన వచ్చేవాడు. బొగ్గు తీసినవాడిది దోపిడి, ఇసుక నింపినవాడిది ధర్మం అని ఆయన సిద్ధాంతం. లోకమంతా భూమి దగ్గర తీసుకున్నదే తప్ప తిరిగి ఇచ్చింది తానొక్కడే అన్నట్టు మాట్లాడేవాడు. కింద ఏముందో ఎరిగి ఇల్లు కట్టుకున్నవాడు జిల్లాలో తనొక్కడే అని కూడా అనేవాడు. పెద్దమ్మ ఆయన మీసంలో సగం ఉండేది, మాటలు కూడా అంత కొలతగానే ఉండేవి, అయితే ఇంట్లో చెల్లేది ఆ కొద్ది మాటలే.

నేను చదువు అయిందనిపించి, ఊళ్ళో మనవాళ్ళదే ఒక స్టీలు సామాన్ల దుకాణంలో పనికి కుదిరి, పెద్దమ్మ ఇంట్లో దిగాను. దేశం తలుపులు తెరుచుకున్నాయని పేపర్లన్నీ రాస్తున్న రోజులు. ఆ తెరిచిన తలుపుల్లోంచి ఏనుగులూ ఒంటెలూ వస్తాయని మేం చూస్తూ కూర్చుంటే, మా లైనులోకి ముందుగా కేబుల్ వైరు వచ్చింది, దాని వెనకాల కంతుల మీద మిక్సీలు వచ్చాయి, ఒకే ఒక్క ఇంటికి ఫ్రిజ్ వచ్చింది. దేశానికంతా కరెంటు పంపే పొగగొట్టాలు మా కంటి ముందే మబ్బుల్ని తయారు చేస్తున్నా మాకు మాత్రం కరెంటు చుట్టపుచూపుగా వచ్చేది గనుక, ఆ ఫ్రిజ్‌లో వాళ్ళు కందిపప్పు దాచుకునేవారు. దుకాణంలో నా పని గిన్నెల మీద పేర్లు కొట్టడం. చిన్న మిషను పట్టుకొని చుక్కల చుక్కల అక్షరాలతో ఎంతమంది ఇల్లాళ్ళ పేర్లు డబ్బాల అడుగున చెక్కానంటే, జిల్లా జనాభా లెక్కలు నా దగ్గర దొరికేవి.

పెద్దమ్మ ఇల్లు మూడు గదులు, మా మాటలో అర్రలు, ఒకదాని వెనక ఒకటిగా ఉండే ఇల్లు. ముందు అర్రలో పెదనాన్న మీసం, వెనక అర్రలో వంట, మధ్యలో షాబాదు బండలు పరిచిన నడిమి అర్ర. నేను దిగిన మొదటి చలికాలంలోనే దాని మహిమ బయటపడింది. పెద్దమ్మ ఒకనాడు చేతి నిండా పని ఉండి, పాలు తోడేసిన చిన్న మట్టి గురిగిని బియ్యం డబ్బాలో పెట్టకుండా నడిమి అర్ర మూలన నేల మీద పెట్టి మరిచిపోయింది. మధ్యాహ్నానికి చూస్తే పెరుగు ఇటుకలా తోడుకొని ఉంది. చేయి పెట్టి చూస్తే ఆ మూల బండ, చంటిపిల్లవాడి నుదురులా, నులివెచ్చగా ఉంది. ఇంట్లో లక్ష్మి కాలు పెట్టిందని పెద్దమ్మ ఆ బండకు పసుపు రాసింది.

ఆ వార్త లైనంతా పాకడానికి కేబుల్ వైరు అక్కరలేకపోయింది. పక్కింటి మరాఠీ కాకూ ముందుగా తన గురిగిని తెచ్చింది. కాకూ అంటే పిన్నమ్మ వరస. ఆవిడకు తెలుగు రాదు, పెద్దమ్మకు మరాఠీ అంతంత మాత్రం, అయినా ఇద్దరూ దడి మీద చేతులేసుకొని పొద్దంతా మాట్లాడుకునేవారు, అదేం భాషో నాకు ఇప్పటికీ తెలియదు. కాకూ వెనక మిగతావాళ్ళు. చలి మొదలైతే చాలు, పొద్దున్నే లైనులో ప్రతి ఇంటి నుంచీ తోడేసిన పాలు మా నడిమి అర్రకు నడిచి వచ్చేవి. ఎవరి గురిగి ఎవరిదో తెలియడానికి గుర్తులుండేవి. కాకూ గురిగి మెడకు పసుపు చుక్కల వరస, టైలరు భాయ్ ఇంటి గురిగికి ఆకుపచ్చ దారం, ఛత్తీస్‌గఢ్ వదిన గురిగికి సైకిలు ట్యూబు ముక్క, ఫ్రిజ్ ఉన్న ఇంటివాళ్ళ గురిగి మాత్రం పేరు కొట్టిన స్టీలు డబ్బా. నేలంతా బారులు తీరి కూర్చున్న ఆ గురిగులను చూస్తే లైనులో ఎవరింట్లో చుట్టాలొచ్చారో, ఎవరింట్లో బర్రె ఈనిందో, ఎవరింటాయన అలిగి పెరుగు తినడం లేదో తెలిసిపోయేది. రేతీ లైన్ చరిత్ర ఎక్కడైనా ఉన్నదంటే అది ఆ బండల మీద ఉండేది.

ఇంకొక ఆచారం కూడా చెప్పాలి, మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. ఒకరింటి గిన్నెను ఖాళీగా తిప్పి పంపేవాళ్ళం కాదు. పెరుగు ఇచ్చిన గిన్నెలో నాలుగు పచ్చిమిరపకాయలో, కాస్త చక్కెరో, ఏమీ లేకపోతే చిటికెడు బియ్యపు గింజలో వేసి ఇవ్వవలసిందే. పెద్దమ్మ ఈ విషయంలో మిలిటరీ. ఒకసారి నేను దుకాణం తొందరలో కాకూ గ్లాసును ఖాళీగా ఇచ్చి వస్తే, ఖాళీ గిన్నె ఇంటికి పంపితే ఆ ఇల్లు ఖాళీ కావాలని కోరుకున్నట్టేనని నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, గ్లాసు వెనక్కి తెప్పించి, అందులో రెండు కరివేపాకు రెబ్బలు వేసి మళ్ళీ పంపింది.

మరుసటి చలికాలానికి నులివెచ్చన కాస్తా వెచ్చన అయింది. ఇంట్లో పిల్లి మొదట్లో ఆ మూలనే మహారాణిలా పడుకొనేది, ఆ ఏడు ఆ మూల వైపు పోవడమే మానేసి పెదనాన్న కడుపు మీదికి మారింది. దడి పక్కన గడ్డి మిగతా చోట్ల మంచుకు తడిసి ఉంటే, ఆ గోడ వెంబడి బారెడు మేర పొడిపొడిగా, వేళ్ళ దగ్గర నుంచి ఎర్రబారి ఉండేది. ఒకరోజు పొద్దున, పాములన్నీ బొరియల్లో ముడుచుకుపోయే చలిలో, ఒక జెర్రిపోతు ఆ గోడ వారగా చుట్ట చుట్టుకొని, పింఛను తీసుకొనే పెద్దమనిషిలా ఎండ కూడా లేకుండా చలి కాచుకుంటున్నది. దాన్ని కొట్టడానికి కర్ర తీసిన పెదనాన్న కొట్టకుండా చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. తరవాత కర్ర గోడకు ఆనించి లోపలికి పోయాడు. అప్పటి నుంచి ఆయన నడిమి అర్రలో కూర్చోవడం నేను చూడలేదు. ఆ అర్ర దాటాలంటే గోడ వారగా దాటేవాడు.

ఆ వాసన కూడా అప్పుడే మొదలైంది. ఆర్పేసిన కుంపటి మీద నీళ్ళు చల్లితే వచ్చే వాసన. ఎవరింట్లోనో కుంపటి అనుకునేవాళ్ళం, అది ఎవరిల్లో మాత్రం ఎప్పటికీ తేలలేదు.

కాకూ పెనిమిటి గనిలో పనిచేసినవాడే. నేల కింద మిగిలిన బొగ్గుకు గాలి తగిలితే అదంతట అదే రాజుకుంటుందని, పైకి మంట కనబడకుండా ఏళ్ళ తరబడి లోలోపల కాలుతుందని ఆయన మెల్లగా అన్నాడు. ఆయనా నేనూ కలిసి గని కంపెనీ ఆఫీసుకు పోయి, ఒకసారి మనిషిని పంపి నేల చూపించండని అడిగి వచ్చాం. పెదనాన్నకు అది తెలిసి తన ఇసుకను అనుమానించినందుకు నాతో మాట్లాడటం మానేశాడు. అడిగింది చలికాలంలో. మనిషి వచ్చింది మే నెలలో.

మే నెలలో చంద్రపూర్ అంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. ఆ నెలలో మా ఊళ్ళో నీడ కూడా ఇంకో నీడ కోసం వెతుక్కుంటుంది. పెద్దమ్మేమో ఇంటికి అతిథి వస్తున్నాడని పొద్దుటి నుంచీ నడిమి అర్ర బండల మీద బిందెల కొద్దీ నీళ్ళు కుమ్మరించి, కిటికీకి తడి వట్టివేళ్ళ తడక కట్టింది. ఆ ఆఫీసరు ఎర్రటి ఎండలో నడిచి వచ్చి, ఆ తడి బండల మీద కాలు పెట్టి, హమ్మయ్య అన్నాడు. వంగి అరచేయి ఆనించి చూశాడు. బయట మట్టి మీద చేయి పెట్టబోయి చుర్రుమంటే వెనక్కి తీసుకున్నాడు. లోపలే నయంగా ఉంది కదండీ, మీ ఊరే పొయ్యి, దానికి ఈ ఒక్క ఇంటిని పట్టుకొని ఏం చేస్తారని మరాఠీలో చమత్కరించాడు. పెద్దమ్మ మజ్జిగ ఇచ్చింది. ఆ మజ్జిగ ఏ మూలన తోడుకున్న పెరుగుదో ఆయనకు తెలియదు. సాక్ష్యాన్ని గ్లాసెడు తాగి, బాగుందని ఇంకో గ్లాసు అడిగి తాగి, మూతి తుడుచుకొని వెళ్ళిపోయాడు. పెదనాన్న మీసం మెలేసి మళ్ళీ నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

వానలు పడ్డాక నవ్వులాట ఆగిపోయింది. పెద్ద వాన వెలిసిన పొద్దున దడి పక్క నేల నుంచి ఆవిరి లేచేది, అన్నం వార్చినట్టు, సన్నగా, చప్పుడు లేకుండా. ప్రతి మధ్యాహ్నం పద్మాపూర్ ఓపెన్‌కాస్టు గనిలో బండలు పగలగొట్టే తోటా పేలినప్పుడు మా అటక మీది ఇత్తడి గిన్నెలు ఎప్పుడూ గణగణలాడేవే, ఆ చప్పుడు విని లైనులో అందరం మధ్యాహ్నం అయిందని లేచేవాళ్ళం. ఆ ఏడు మాత్రం పేలుడు ఆగాక కూడా గిన్నెలు కాసేపు మెల్లగా మోగుతూనే ఉండేవి.

ఒకనాడు పొద్దున పెట్టిన పాలు, పెద్దమ్మ ఇల్లు ఊడ్చి వచ్చేసరికి తోడుకున్నాయి. మధ్యాహ్నానికి పులిసిపోయాయి. మర్నాడు తోడుకోకుండానే విరిగిపోయాయి. ఆవిడ ఆ మూలన కూర్చొని, బండ మీద అరచేయి పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసింది. గురిగులన్నీ తీసి, బూడిదతో తోమి, ఎండలో ఆరబెట్టి, వెడల్పాటి గంపలో సర్దుకొని చంకన పెట్టుకొని ఇంటింటికీ బయలుదేరింది. చక్కెర వేయలేదు. మిరపకాయలు వేయలేదు. ఒక్క బియ్యపు గింజ వేయలేదు. ప్రతి గుమ్మం ముందూ నిలబడి, ఎవరి గురిగి వారి చేతిలో పెట్టి, ఒకే మాట చెప్పింది.

“ఇగ పాలు పంపకుండ్రి.”

కాకూ తన గురిగిని అందుకొని లోపలికి చూసింది. బోర్లించి చూసింది. పెద్దమ్మ మొహం వంక చూసింది. నేను దడి ఇవతల ఉన్నాను, ఆ మాట తప్ప ఇద్దరూ ఇంకొక్క ముక్క మాట్లాడుకోలేదు. ఆ ఖాళీ గురిగి తెలుగులోనూ మరాఠీలోనూ చెప్పవలసింది చెప్పేసింది. ఆఫీసరు వచ్చినప్పుడు కదలని లైను, ఆవిరి లేచినప్పుడు కదలని లైను, ఆ సాయంత్రం నుంచి మంచాలు విప్పడం మొదలుపెట్టింది. టైలరు భాయ్ మిషను తలమీద పెట్టుకొని ముందు కదిలాడు. అక్క ఖాళీ గిన్నె పంపే మనిషి కాదు అని మాత్రం అన్నాడు నాతో.

మిగిలింది మా ఇల్లు. మర్నాడు మధ్యాహ్నం పెదనాన్న ముందు అర్రలో పీట వేసుకొని కూర్చుంటే పెద్దమ్మ అన్నం పెట్టింది, పప్పు పోసింది, ఆయన చివరి ముద్ద కోసం చేయి చాచేసరికి ఆయన సొంత గురిగిని తెచ్చి పళ్ళెం పక్కన బోర్లించింది. పెరుగు లేకుండా చేయి కడిగిన రోజు ఆయన జీవితంలో లేదు.

“పెరుగేది?”

“లేదు. పాలు విరుగుతున్నయి. బాబుపేట్‌ల మా తమ్ముని ఇంటికి పోదాం లే.”

“గీ నేలల ఇసుక నేను నింపిచ్చిన. కుంగదు.”

“గా నడిమి అర్ర కింద గూడ నింపిచ్చినవా?”

పద్మాపూర్‌లో తోటా పేలింది. అటక మీద గిన్నెలు మోగడం మొదలుపెట్టాయి, ఆయన అవి ఆగేదాకా ఆగాడు.

“గా మూలకు ఇసుక అందలె. పైపు పగిలింది. నిండింది అని చెప్పమన్నరు, చెప్పిన.”

“మరి ఎరికుండి గిక్కడనే ఎందుకు కట్టినవ్?”

“ఇంకెవ్వలు కట్టుకోవద్దని.”

అంతటి మీసం ఒక్కసారిగా పల్చబడిపోయినట్టు నాకు కనిపించింది. కింద ఏముందో ఎరిగి ఇల్లు కట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అని ఆయన అన్నప్పుడల్లా మేం దాన్ని గొప్ప అనుకొని నవ్వుకున్నాం. ఆయన ఆ బోలు మీద ఇన్నేళ్ళూ మూతలాగా కూర్చున్నాడు. పెద్దమ్మ లేచి ఆ గురిగిని కొంగుకు కట్టుకొని, పెరుగు నా తమ్మునింట్ల తోడేస్త, తినాల్నంటే రా అని చెప్పి, ట్రంకు పెట్టె నా నెత్తిన పెట్టి, నన్ను ముందు నడిపించుకొని వెళ్ళిపోయింది.

ఆయన రాలేదు. నేను లేస్తే ఇంకెవడో వచ్చి కూసుంటడు అన్నాడట, నచ్చచెప్పడానికి పోయిన కాకూ పెనిమిటితో. కాని పెరుగు లేని అన్నం ఆయనకు రెండు పూటలకే విషమైంది. రోజూ మధ్యాహ్నం సైకిలు తొక్కుకుంటూ ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు, బాబుపేట్ దాకా వచ్చి, పెద్దమ్మతో మాట్లాడకుండా పెరుగన్నం తిని, అంత దూరమూ తిరిగి తొక్కుకుంటూ పోయేవాడు. అలా ఎన్నాళ్ళు గడిచిందో గుర్తులేదు. ఒక మధ్యాహ్నం ఆయన పళ్ళెంలో చేయి పెట్టి ఉండగా, లైను నుంచి ఎవరో పరుగున వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. చెప్పనక్కరలేకపోయింది. మీసానికి పెరుగు అంటుకొని ఉండగానే ఆయన లేచాడు.

పోయి చూస్తే ముందు అర్ర ఉంది, వంటిల్లు ఉంది. నడిమి అర్ర లేదు. దాని తలుపు చౌకట్టు మాత్రం పసుపూ కుంకుమా బొట్లతో సహా నిలబడి ఉంది, దాని అవతల కాలు పెట్టడానికి ఏమీ లేదు. లోపలి నుంచి ఆ కుంపటి వాసన వస్తున్నది. ఎంత లోతో చూడటానికి ఒకరు రాయి వేశారు, చప్పుడు విందామని అందరం చెవులు రిక్కించాం. ఇక్కడ నేను చప్పుడు వినబడనే లేదని రాస్తే మీరు నమ్ముతారు, నాకూ బాగుంటుంది, కాని వినబడింది. ఆలస్యంగా వినబడింది. పెదనాన్న దడి అవతల మిగిలిన పాత ఇసుక గుట్ట దగ్గరికి పోయి, తట్ట నిండా ఇసుక ఎత్తుకొని, తెచ్చి ఆ గుంతలో పోశాడు. ఒక్క తట్ట. పోసి, ఖాళీ తట్టను చౌకట్టుకు ఆనించి, సైకిలు నడిపించుకుంటూ వచ్చేశాడు.

ఆ తరవాత అక్కడ ముళ్ళ కంచె వేశారు. లైను చెదిరిపోయింది, కొందరు బాబుపేట్, కొందరు దుర్గాపూర్, కొందరు ఆసిఫాబాద్ వైపు. పెదనాన్న బతికి ఉన్నంత కాలం ఆ వైపు నుంచి వచ్చినవాళ్ళను బాగున్నారా అని అడిగేవాడు కాదు, కంచె ఉన్నదా అని అడిగేవాడు. ఉన్నదని చెప్పేవాళ్ళం. ఆయన పోయాక ఎవరూ అడగలేదు. కంచె స్తంభాలు ఒక్కొక్కటే పాత ఇనుము కొట్లకు చేరాయి, తుమ్మలు మొలిచాయి, తుమ్మలు కొట్టేశారు, రాళ్ళు పాతారు, రంగుల జెండాలు కట్టారు, గేటు కట్టారు, గేటు మీద గార్డెన్, వ్యాలీ, లేక్ అని రాశారు.

ఇదంతా ఆ ఆదివారం పొద్దున సెక్రటరీకి చెప్పాను, ఇప్పుడు మీకు చెప్పినట్టే, ఇంకా నెమ్మదిగా. చలికాలం పోకముందే తెలిసినవాళ్ళను పిలిపించి నేల చూపించమని, మే దాకా ఆగొద్దని చెప్పాను. అతను మొదటి నుంచీ నవ్వు ఆపుకుంటూ విని, చివర్లో ఆపుకోలేకపోయాడు.

“కాకా, మీరు కామెడీ రాస్తరన్నరు గని, గింత జబర్దస్త్‌గ చెప్తరనుకోలె. గిదంత వద్దు గని, పులుల గురించి రాయుండ్రి.”

ఇన్నేళ్ళు ఆవగింజలను గుమ్మడికాయలు చేసినందుకు నాకు ఇదే శాస్తి. అతని భార్య మాత్రం నవ్వలేదు. మీ పెద్దమ్మ మంచి మనిషి కాకా అని, వెళ్ళేటప్పుడు ఒక స్టీలు డబ్బా నిండా ఆ పెరుగు పెట్టి ఇచ్చింది, ఇంట్లో ఆంటీకి పెట్టమని. డబ్బా పాతది. అడుగున చుక్కల అక్షరాలతో ఒక ఇల్లాలి పేరు కొట్టి ఉంది, ఆ అమ్మాయి అత్తగారిదో తల్లిదో. నేను కొట్టినదే కావచ్చునని కళ్ళజోడు పెట్టుకొని చూశాను, గీతలు పడి సరిగా కనబడలేదు.

ఆ పెరుగు మేం తినలేదు. డబ్బా కడిగి గట్టు మీద బోర్లించాను. నా భార్య అలవాటు కొద్దీ అందులో వేయడానికి బెల్లం ముక్క తీసింది, వద్దన్నాను. రేపు ఆదివారం తిరిగి ఇచ్చి రావాలి. ఖాళీగానే ఇస్తాను, పెద్దమ్మ ఇచ్చినట్టు, చేతిలో పెట్టి, ఇక ఆ మూలన పాలు పెట్టకమ్మా అని ఒక్క మాట చెప్పి వస్తాను. నా దిగులల్లా ఒకటే. ఆ రోజుల్లో ఒక ఖాళీ గురిగి చేతికందితే లైనుకు లైను మంచాలు విప్పుకొని కదిలింది. ఈ రోజుల్లో ఎవరింటి గిన్నె అయినా ఖాళీగానే తిరిగి వస్తుంది. కడిగి ఇచ్చారు, పాపం మంచివాళ్ళు అనుకొని, ఆ అమ్మాయి దాన్ని లోపల పెట్టేసుకుంటుందేమో.